గన్సన్ కలర్‌ట్యూన్: మంట రంగు చూసి ఐడ్లింగ్ సరిచేసే గాజు ప్లగ్గు

పాత కారుకు ఐడ్లింగ్ మిక్స్చర్, అంటే బండి నిలిచి ఇంజన్ ఆడుతున్నప్పుడు గాలీ పెట్రోలూ కలిసే పాళ్ళు, పెట్టేటప్పుడు మన మెకానిక్కులు నమ్ముకునేది చెవిని. స్క్రూ కాస్త తిప్పి ఇంజన్ మోత వింటారు, సైలెన్సర్ వెనక అరచెయ్యి పెట్టి పొగ ఎలా తగులుతోందో చూస్తారు. చెయ్యి తిరిగినవాళ్ళు ఈ పద్ధతిలోనే చాలా బాగా పెడతారు. కాకపోతే చెవికి అందేది నాలుగు సిలిండర్లూ కలిసి చేసే మోత. అందులో రెండో సిలిండర్‌కు పెట్రోల్ ఎక్కువవుతోందా, నాలుగో దానికి ఎక్కడినుంచైనా గాలి దూరుతోందా అన్నది విడిగా తెలియదు. ఇంగ్లండుకు చెందిన గన్సన్ వాళ్ళ కలర్‌ట్యూన్ ఆ లోటు తీరుస్తుంది. మామూలు స్పార్క్ ప్లగ్గు తీసి దాని చోట ఈ గాజు ప్లగ్గు బిగిస్తే, సిలిండర్ లోపల కాలే మంట రంగు గాజులోంచి పైకి కనిపిస్తుంది. ఆ రంగు చూస్తూ స్క్రూ తిప్పుకోవచ్చు.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఎస్‌యూ కార్బురేటర్ (గాలినీ పెట్రోల్‌నూ కలిపే భాగం) ఉన్న అంబాసిడర్, మోరిస్, ఎంజీ లాంటి బండ్లకు ఇది కొని పెట్టుకోదగ్గ పనిముట్టు. రెండు కార్బురేటర్లున్న బండికైతే తప్పకుండా కొనాలి. ఒకే ఒక్క సోలెక్స్ కార్బురేటర్ ఉన్న ప్రీమియర్ పద్మినికి ఇది లేకపోయినా ఐడ్లింగ్ పెట్టొచ్చు. అక్కడ దీని అసలు ఉపయోగం మిక్స్చర్ పెట్టడంలో కన్నా, మిక్స్చర్ ఎందుకు కుదరడం లేదో పట్టుకోవడంలో ఉంది.

పెట్టెలో వచ్చేవి కొన్నే: గాజు ప్లగ్గు, దానికి కరెంటు అందించే పొడిగింపు హెచ్‌టీ (హై టెన్షన్) వైరు, చివర అద్దం ఉన్న నల్లటి గొట్టం, వాడే విధానం రాసిన చిన్న పుస్తకం. గొట్టం ప్లగ్గు మీద కూర్చుంటుంది. అద్దం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి తల ఇంజన్ మీదికి వంచకుండా పక్కనుంచే మంట చూడొచ్చు. ఫ్యాన్ బెల్టు తిరుగుతున్న ఇంజన్ దగ్గర ఇది సౌకర్యం మాత్రమే కాదు, భద్రత కూడా. మామూలుగా దొరికే కిట్ 14 మి.మీ. మరలు (థ్రెడ్లు) ఉన్న ప్లగ్గులకు సరిపోతుంది. అంబాసిడర్‌కూ పద్మినికీ అదే కొలత.

రంగులు చదవడం ఇలా. పెట్రోల్ ఎక్కువైతే మంట పసుపుగా, ఇంకా ఎక్కువైతే నారింజ రంగులో కొట్టుకుంటుంది. సరిపోతే గ్యాస్ స్టవ్ మంటలా నీలంగా ఉంటుంది. పెట్రోల్ తక్కువైతే ఆ నీలం తెల్లబారి లేతగా మారుతుంది, మధ్యమధ్య ఒక్కో మంట అసలు కనిపించదు, అంటే ఆ చుట్టులో మిస్ కొట్టిందన్నమాట. కారణం తెలిస్తే రంగు ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు నమ్మకూడదో కూడా తెలుస్తుంది. గాలి చాలనప్పుడు పెట్రోల్‌లోని కార్బన్ పూర్తిగా కాలక సన్నటి మసి రేణువులుగా మారుతుంది. ఆ రేణువులు వేడికి కాగి వెలిగే రంగే పసుపు. గాలి సరిగ్గా కలిస్తే మసి పుట్టదు, మంటలో పుట్టి క్షణంలో పోయే చిన్న చిన్న కార్బన్, హైడ్రోజన్ ముక్కల వెలుగే నీలంగా కనిపిస్తుంది. అంటే ఈ ప్లగ్గులో మీరు చూసేది మసి ఉందా లేదా అన్నదే.

అందుకే సర్దుబాటు ఎప్పుడూ పసుపు వైపు నుంచి మొదలుపెట్టాలి. ముందు కావాలని రిచ్ (పెట్రోల్ ఎక్కువ) చేసి, స్పష్టమైన పసుపు రప్పించి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా తగ్గిస్తూ పసుపు పోయి నీలం నిలిచిన చోట ఆగాలి. నీలానికీ లేత నీలానికీ మధ్య హద్దు కంటికి అంత తేలిగ్గా దొరకదు. పసుపుకూ నీలానికీ మధ్య హద్దు మాత్రం ఎవరికైనా కనిపిస్తుంది. హద్దు దగ్గర మంట మొత్తం ఒకేసారి మారదు. నాలుగైదు నీలం మంటల మధ్య ఒక పసుపు తళుకు వస్తుంది, ఇంకాస్త తగ్గిస్తే పది పన్నెండుకు ఒకటి, ఆ తర్వాత అదీ పోతుంది. ఆ చివరి తళుకు పోయిన చోటే మనకు కావలసింది.

బిగించే ముందు

మిక్స్చర్ ఎప్పుడూ చివరి పని. ట్యాపెట్లు, పాయింట్లు, టైమింగ్ సరిగ్గా లేకుండా కలర్‌ట్యూన్ పెడితే రంగులు కనిపిస్తాయి కానీ ఆ రంగులను బట్టి చేసే సర్దుబాటు వృథా. అంబాసిడర్‌లోని 1489 సీసీ బీఎంసీ ఇంజన్‌కు ట్యాపెట్ గ్యాప్ 0.38 మి.మీ., పాయింట్ల గ్యాప్ కూడా దాదాపు అంతే, ప్లగ్గు గ్యాప్ 0.64 మి.మీ. పద్మినికి దాని మాన్యువల్‌లోని కొలతలు చూసుకోవాలి, అంబాసిడర్ లెక్కలు దానికి వాడకూడదు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉండాలి, చోక్ పూర్తిగా వెనక్కి వెళ్ళాలి. చోక్ కేబుల్ పట్టేసి జెట్ (పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రమున్న భాగం) కాస్త కిందికే ఉండిపోయిన ఎస్‌యూలు చాలా ఉంటాయి. డ్యాష్‌బోర్డు మీద నాబ్ లోపలికి పోయినంత మాత్రాన సరిపోదు, కార్బురేటర్ దగ్గర లివర్ నిజంగా వెనక్కి వచ్చిందో లేదో వేలితో కదిపి చూడాలి.

గాలి లీకులు తర్వాతి సంగతి. కార్బురేటర్ కింద ప్యాకింగ్, మానిఫోల్డ్ (సిలిండర్లకు మిక్స్చర్ పంచే గొట్టం) గ్యాస్కెట్, వ్యాక్యూమ్ పైపు, బ్రేక్ బూస్టర్ ఉంటే దాని పైపు, వీటిలో ఎక్కడ గాలి దూరినా ఆ సిలిండర్ లీన్ (పెట్రోల్ తక్కువ) అవుతుంది. థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే తలుపు) ఇరుసు అరిగిన కార్బురేటర్ ఇంకా ఇబ్బంది: ఒకసారి నీలం, యాక్సిలరేటర్ తొక్కి వదిలాక మళ్ళీ లేత నీలం, ఐడ్లింగ్ ఏ రెండుసార్లూ ఒకేలా ఉండదు. ఇరుసును వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఆట తెలుస్తుంది. ఆట ఉంటే బుష్‌లు వేయించాకే మిక్స్చర్ సంగతి. ఆ అరుగుదలను స్క్రూతో కప్పిపుచ్చడానికి చూస్తే సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోతూనే ఉంటుంది.

బండిని కనీసం పదిహేను నిమిషాలు నడిపి వేడెక్కించాలి, ఆ వేడిలోనే పని చేయాలి. అయితే పద్మినికి అల్యూమినియం సిలిండర్ హెడ్డు. వేడి మీద ప్లగ్గు తీసి బిగించేటప్పుడు మరలు లేచిపోయే ప్రమాదం అంబాసిడర్ ఇనప హెడ్డు కన్నా దీనికి చాలా ఎక్కువ. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే గాజు ప్లగ్గును చేత్తో చివరిదాకా తిప్పి చూడండి. చేత్తో పోకపోతే రంధ్రంలో కార్బన్ పేరుకుందన్నమాట, ముందు దాన్ని శుభ్రం చేయాలి. మరల పొడవు కూడా మీ మామూలు ప్లగ్గు పక్కన పెట్టి పోల్చండి. పొట్టిగా ఉంటే ఫర్వాలేదు, మంట కొంచెం లోతుగా కనిపిస్తుందంతే. పొడవుగా ఉంటే మాత్రం బిగించకూడదు, పిస్టన్‌కో వాల్వ్‌కో తగలొచ్చు. బిగింపు కూడా మామూలు ప్లగ్గంత అక్కర్లేదు. వాషర్ ఆనాక కొద్దిగా పట్టు ఇస్తే చాలు. గాజు పగిలేది ఎక్కువగా ఇక్కడే.

వెలుతురు సంగతి కూడా ఇప్పుడే. మధ్యాహ్నం ఎండలో ఈ గొట్టం ఏమీ చూపించదు. సాయంత్రం చీకటిపడే వేళ షెడ్డు తలుపులు తెరిచిపెట్టి చూడటం మంచిది. చీకటి కోసం షెడ్డు మూసి ఇంజన్ ఆడించడం ప్రాణాంతకం, కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు.

సోలెక్స్ మీద

ఈ కార్బురేటర్ల అడుగు భాగంలో, ఫ్లాంజ్‌కు దగ్గరగా, స్ప్రింగ్ ఉన్న మిక్స్చర్ స్క్రూ ఉంటుంది. థ్రాటిల్ లివర్‌ను ఆపే స్టాప్ స్క్రూ వేరు, అది వేగం కోసం. మిక్స్చర్ స్క్రూను లోపలికి మెల్లగా ఆనేదాకా తిప్పి, చుట్టున్నర బయటికి తీస్తే మొదలుపెట్టడానికి సరిపోతుంది. బయటికి తిప్పితే రిచ్, లోపలికి తిప్పితే లీన్. స్కూటర్లు, బైకుల మీద పని చేసినవాళ్ళు ఇక్కడ తరచూ తికమక పడతారు, ఎందుకంటే చాలా బైక్ కార్బురేటర్లలో ఉన్నది గాలి స్క్రూ, దాని దిశ దీనికి సరిగ్గా ఎదురు.

స్క్రూను ఒకసారి పూర్తిగా బయటికి తీసి మొన చూడటం ఎప్పుడూ మంచిదే. సన్నగా తేలిన కోన్ మీద వేలి గోరు నడిపితే నున్నగా జారాలి. గోరు ఒక చోట మెట్టులా ఆగిందంటే ఎవరో ఒకప్పుడు గట్టిగా బిగించి మొనను నొక్కేశారు. అలాంటి స్క్రూ పావు చుట్టులోనే లీన్ నుంచి రిచ్‌కు దూకుతుంది, మధ్యలో ఆగదు. కలర్‌ట్యూన్‌లో కూడా పసుపూ లేత నీలమే కనిపిస్తాయి, నడుమ నీలం దొరకదు. కొత్త స్క్రూ వేయడం తప్ప మార్గం లేదు.

అన్నీ బాగుంటే పని ఇలా సాగుతుంది. స్టాప్ స్క్రూతో వేగం 800 ఆర్‌పీఎం దగ్గరికి తెచ్చి, మిక్స్చర్ స్క్రూను పసుపు వచ్చేదాకా బయటికి తిప్పాలి. అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున లోపలికి. ప్రతిసారీ పది పదిహేను సెకన్లు ఆగాలి, మంట అంతసేపు తీసుకుంటుంది స్థిరపడటానికి. పసుపు తగ్గుతున్న కొద్దీ ఇంజన్ వేగం కాస్త పెరుగుతుంది, అప్పుడు స్టాప్ స్క్రూ వెనక్కి తిప్పి మళ్ళీ 800కు తెచ్చి మిక్స్చర్ ఇంకోసారి చూడాలి. ఈ రెండు స్క్రూలనూ రెండు మూడుసార్లు ఒకదాని తర్వాత ఒకటి సరిచూడక తప్పదు. ఒక్కసారి తిప్పి వదిలేసేవాళ్ళే, బండి ఆగిపోతోందని మళ్ళీ స్టాప్ స్క్రూ బిగించి 1100 ఆర్‌పీఎం మీద వదిలేస్తారు.

ఆ 1100 ఎందుకు చేటు అంటే, థ్రాటిల్ తలుపు ఎక్కువ తెరుచుకుంటే దాని అంచు పక్కనే ఉన్న చిన్న ప్రోగ్రెషన్ రంధ్రాలు బయటపడతాయి. పెట్రోల్ వాటిలోంచి కూడా రావడం మొదలవుతుంది, మిక్స్చర్ స్క్రూకు పట్టు పోతుంది. స్క్రూ పూర్తిగా లోపలికి తిప్పినా ఇంజన్ ఆగకపోతే ముందు అనుమానించాల్సింది ఇదే. ఐడిల్ జెట్ మూసుకుపోతే కనిపించేది వేరు: స్క్రూ ఎంత బయటికి తిప్పినా పసుపు రాదు, మంట లేతగానే ఉంటుంది, చోక్ కాస్త లాగితేనే ఇంజన్ నిలబడుతుంది. జెట్ తీసి గాలి కొట్టి శుభ్రం చేయాలి. తీగతో పొడిస్తే రంధ్రం కొలత మారిపోతుంది, ఆ జెట్ ఇక పనికిరాదు. స్క్రూ ఎంత లోపలికి పెట్టినా పసుపు పోకపోతే ఫ్లోట్ నీడిల్ (ఫ్లోట్ గదిలోకి పెట్రోల్ రాకను ఆపే సూది) కారుతుందేమో, చోక్ పూర్తిగా తెరుచుకుందో లేదో చూడాలి.

నిజం చెప్పాలంటే, ఈ పరీక్షలన్నీ బాగున్న సోలెక్స్ మీద చెవి పద్ధతి కూడా దాదాపు ఇదే చోటికి తెస్తుంది. స్క్రూ లోపలికి తిప్పుతూ ఇంజన్ తడబడే చోటు, బయటికి తిప్పుతూ ఇంజన్ ఊగే చోటు గుర్తుపెట్టుకుని, వాటి నడుమ వేగం అన్నిటికన్నా ఎక్కువున్న చోట నిలపాలి. అందుకే మొదట్లో పద్మినికి ఇది తప్పనిసరి కాదన్నాం.

ఎస్‌యూ మీద

అంబాసిడర్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఎస్‌యూలో ఐడ్లింగ్‌కు విడిగా జెట్ లేదు. ఒకే జెట్, అందులో దిగే ఒకే నీడిల్. కార్బురేటర్ లోపలి పిస్టన్ లేచిన కొద్దీ, దానికి ఉన్న నీడిల్ సన్నటి భాగం జెట్‌లోకి వచ్చి పెట్రోల్ పెరుగుతుంది. జెట్ కింద ఉన్న నట్టు తిప్పితే మారేది ఐడ్లింగ్ ఒక్కటే కాదు, బండి నడిచే వేగాలన్నిటి మిక్స్చరూ మారుతుంది. సోలెక్స్ స్క్రూలో చిన్న తేడా ఉంటే సిగ్నల్ దగ్గర ఇంజన్ కాస్త ఊగుతుందేమో కానీ హైవే మీద తెలియదు. ఎస్‌యూలో అదే తేడా మైలేజీలో, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్‌లో, లీన్ అయితే ఎగ్జాస్ట్ వాల్వుల ఆయుష్షులో కనిపిస్తుంది. ఇక్కడ మంట కళ్ళారా చూడగలగడానికి విలువ ఎక్కువ.

ముందు డ్యాష్‌పాట్, అంటే ఆ పిస్టన్ కదలికను నెమ్మదించే ఆయిల్ గది. పైన మూత విప్పి, పిస్టన్ కడ్డీ పై అంచుకు 13 మి.మీ. ఎత్తు దాకా పల్చటి ఆయిల్, 20 గ్రేడ్‌ది, ఉండాలి. పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలితే ఎక్కడా పట్టకుండా దిగి, కింద బ్రిడ్జికి (జెట్ చుట్టూ ఉన్న మెట్టుకు) తగిలిన లోహపు టిక్ శబ్దం రావాలి. ఆ శబ్దం రాకపోతే జెట్ మధ్యలో లేదు, నీడిల్ రాసుకుంటోంది. అది సరిచేయకుండా నట్టు ముట్టుకోవద్దు.

ఎస్‌యూలో హెచ్ఎస్ రకం అయితే నట్టును పైకి తిప్పి జెట్ అంచు బ్రిడ్జితో సమానమయ్యేదాకా తెచ్చి, అక్కడి నుంచి రెండు పూర్తి చుట్లు, అంటే పన్నెండు పలకలు, కిందికి దించాలి. నట్టు పైకి పోతే లీన్, కిందికి దిగితే రిచ్. చోక్ లివర్ వైపు నుంచి జెట్‌ను వేలితో పైకి నొక్కి పట్టుకునే తిప్పాలి, లేకపోతే నట్టు కదిలినా జెట్ కదలదు. కలర్‌ట్యూన్ పెట్టి ఇంజన్ ఆడించి, పసుపు రాకపోతే ఇంకో రెండు మూడు పలకలు దించి పసుపు రప్పించండి. ఆ తర్వాత ఒక్కో పలక చొప్పున పైకి. ఒక పలక అంటే చుట్టులో ఆరో వంతు, దానికే మంటలో తేడా కనిపిస్తుంది. చివరి పసుపు తళుకు పోయాక ఆగి, ఎస్‌యూలో ముందునుంచీ ఉన్న పరీక్షతో సరిచూసుకోవాలి: పక్కనున్న పిన్నుతో పిస్టన్‌ను 0.8 మి.మీ. మాత్రమే ఎత్తండి. వేగం ఒక్క క్షణం కొద్దిగా పెరిగి మళ్ళీ మామూలైతే సరిపోయింది. పెరిగి అలాగే నిలిస్తే రిచ్. ఎత్తగానే పడిపోయి ఆగబోతే లీన్. మంటా పిన్నూ ఒకే మాట చెబితే ఆ బండి మిక్స్చర్ మీద ఇక అనుమానం అక్కర్లేదు. రెండూ వేర్వేరుగా చెబితే దాదాపు ఎప్పుడూ గాలి లీకే కారణం.

నాలుగు సిలిండర్లకూ మార్చి మార్చి చూడటంలోనే ఈ పనిముట్టు డబ్బు తిరిగొస్తుంది. అంబాసిడర్ హెడ్డులో ఒకటి, రెండు సిలిండర్లకు కలిపి ఒకే ఇన్లెట్ దారి, మూడు, నాలుగుకు మరొకటి. ఇలా పంచుకునే దారుల వల్ల లోపలి సిలిండర్లకూ బయటి వాటికీ కొంచెం తేడా సహజంగానే ఉంటుంది, దాని వెంట పడకూడదు. లీన్‌గా ఉన్న సిలిండర్ నీలంగా నిలిచేలా పెట్టి, మిగతావాటిలో ఎప్పుడో ఒక పసుపు తళుకు వచ్చినా ఒప్పుకోవడం మంచి పద్ధతి. ఒక్క సిలిండరే మిగతా మూడింటికీ పూర్తిగా వేరుగా ఉంటే మాత్రం అది కార్బురేటర్ తప్పు కాదు. ఒక్కటే లేతగా ఉంటే ఆ వైపు మానిఫోల్డ్ గ్యాస్కెట్. ఒక్కటే మంట తప్పిపోతూ ఉంటే ప్లగ్గు వైరు, డిస్ట్రిబ్యూటర్ మూత, లేదా వాల్వు సరిగ్గా మూసుకోకపోవడం. ఒక్కటే నారింజగా, పొగగా కనిపించి, నట్టు ఎంత పైకి తిప్పినా మారకపోతే అక్కడికి ఇంజన్ ఆయిల్ చేరుతోంది: వాల్వ్ గైడ్లో, పిస్టన్ రింగులో.

యాక్సిలరేటర్‌ను ఒక్కసారి చటుక్కున తట్టి వదలడం కూడా చెప్పుకోదగ్గ పరీక్షే. ఆ క్షణం పసుపు మెరిసి వెంటనే నీలం కావాలి. తడబాటుతో పాటు లేత మెరుపు వస్తే, ఎస్‌యూలో డ్యాష్‌పాట్ ఆయిల్ లేదు లేదా మరీ పల్చన. యాక్సిలరేటర్ పంపు ఉన్న కార్బురేటర్‌లో పంపు డయాఫ్రమ్ చిరిగింది లేదా దాని జెట్ మూసుకుపోయింది. తట్టడం మాత్రమే, పట్టి రేజ్ చేయకూడదు. ఈ గాజు ఐడ్లింగ్ వేడికి తట్టుకునేది. దీన్ని పెట్టుకుని బండి నడపడం అసలే కూడదు.

లోపాలు

మొదటిది, నీలం అనేది ఒక్క బిందువు కాదు, ఒక వెడల్పాటి పట్టీ. ఆ పట్టీలో ఎక్కడున్నారో కన్ను చెప్పలేదు. పసుపు అంచు పట్టుకుని పని చేయమన్నది అందుకే. అంతకన్నా కచ్చితం కావాలంటే గ్యాస్ అనలైజర్ కావాలి, అది మన ఊళ్ళలో పెట్రోల్ బంకు పక్కనే ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే వ్యాను యంత్రం చూపించే కార్బన్ మోనాక్సైడ్ అంకె ఐడ్లింగ్ మిక్స్చర్‌కు నేరుగా కొలమానం. భారత్ స్టేజ్ 2కు ముందు తయారైన పెట్రోల్ కార్లకు పరిమితి 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం. కలర్‌ట్యూన్‌తో పెట్టాక అక్కడికి వెళ్ళి, ఇంజన్ వేడిగా ఉండగానే చూపించి, 2 నుంచి 3 శాతం మధ్య ఉంటే అలాగే వదిలేయండి. హైడ్రోకార్బన్ అంకె ఒక్కటే ఎక్కువగా ఉంటే ఏదో సిలిండర్ మిస్ కొడుతోంది. అది ఏదన్నది యంత్రం చెప్పదు, గాజు ప్లగ్గు చెబుతుంది.

రెండో లోపం గాజు తొందరగా మసిబారడం. రిచ్‌గా రెండు మూడు నిమిషాలు ఆడిస్తే లోపల నల్లబడుతుంది, ఆ తర్వాత మంచి నీలం మంట కూడా గోధుమ రంగులో కనిపిస్తుంది. కొత్తవాళ్ళు ఇది చూసి ఇంకా లీన్ చేస్తూ పోతారు. రంగు మురికిగా అనిపించగానే ఆపి, చల్లారనిచ్చి, తీసి, మెత్తటి బ్రష్షుతో కార్బ్ క్లీనర్ వేసి తుడవాలి. ఇసుకతో కొట్టే ప్లగ్ క్లీనర్‌లో ఎప్పుడూ పెట్టొద్దు, గాజు గీతలు పడి పాలరంగుకు తిరుగుతుంది.

ఇంధనంలో కలిపే మందుల సంగతీ ఉంది. 2000లో సీసం కలిపిన పెట్రోల్ పోయాక, పాత ఇనప హెడ్డుల వాల్వ్ సీట్లు కాపాడటానికి ట్యాంకులో మందు పోసేవాళ్ళున్నారు. అందులో సోడియం ఉంటే మిక్స్చర్ ఎలా ఉన్నా మంట పసుపుగానే వెలుగుతుంది. అలాంటప్పుడు మందు కలపని పెట్రోల్‌ను చిన్న డబ్బాలోంచి కార్బురేటర్‌కు ఇచ్చి చూడాలి, లేకపోతే రంగు నమ్మడానికి లేదు.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పెట్రోల్ పూర్తిగా కాలడానికి బరువు లెక్కన 14.7 పాళ్ళ గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. 20 శాతం ఇథనాల్ కలిస్తే ఆ లెక్క 13.5 దగ్గరికి దిగుతుంది. కార్బురేటర్‌కు ఈ సంగతి తెలియదు. పాత జెట్‌లు పాత లెక్కలోనే పోస్తాయి, ఇంజన్ లీన్ అవుతుంది. ఈ20 పోసిన పాత బండిలో మొదటిసారి కలర్‌ట్యూన్ పెట్టినవాళ్ళకు నాలుగు సిలిండర్లూ తెల్లబారి కనిపించడానికి కారణం ఇదే. ఇథనాల్ మంటలో మసి తక్కువ కాబట్టి పసుపు కూడా ఆలస్యంగా, పల్చగా వస్తుంది. అందువల్ల పసుపు అంచు దగ్గర ఆగడం ఈ20తో ఇంకా ముఖ్యం, ఆ అంచు దాటి లేత నీలం వైపు ఒక్క పలక కూడా పోకూడదు.

సోలెక్స్‌లో మిక్స్చర్ స్క్రూ బయటికి తిప్పితే ఐడ్లింగ్ సర్దుకుంటుంది కానీ మెయిన్ జెట్ అలాగే ఉంటుంది. నడిచేటప్పుడు బండి కుదుపులు ఇస్తుంటే ఒక సైజు పెద్ద మెయిన్ జెట్ వేయాలి. ఎస్‌యూలో నట్టు దించితే అన్ని వేగాలకూ కొంత అందుతుంది, అయితే నీడిల్ లావుగా ఉన్న ఐడ్లింగ్ దగ్గర ఎక్కువ, సన్నబడిన పై వేగాల్లో తక్కువ. ఐడ్లింగ్ నీలంగా ఉన్నా హైవే మీద నడిపి వచ్చిన మామూలు ప్లగ్గు తెల్లగా కనిపిస్తే, నట్టు ఇంకా దించకుండా కొంచెం రిచ్ నీడిల్ వేయించడమే సరైన మందు. పాత రబ్బరు పైపులు, ఫ్లోట్ నీడిల్ మొనలోని రబ్బరు కూడా ఈ20కు ఉబ్బుతాయి, కాబట్టి ఒకప్పుడు కుదిరిన మిక్స్చర్ ఉన్నట్టుండి పసుపుకు తిరిగితే స్క్రూ ముట్టుకోకముందు ఫ్లోట్ గది తెరిచి చూడండి.

కొనడం గురించి

వ్యాక్యూమ్ గేజ్ దీనికన్నా చవక, మన దగ్గరే దొరుకుతుంది. మానిఫోల్డ్‌కు కలిపి, ముల్లు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కన) మధ్య కదలకుండా, సాధ్యమైనంత ఎక్కువ చూపించే చోట మిక్స్చర్ పెడితే చాలా ఇంజన్లకు సరిపోతుంది. ఒక్క పద్మిని ఉన్నవాళ్ళు ముందు అదే కొనాలి. కలర్‌ట్యూన్ ధర పౌండ్లలో, పైగా కొరియర్, కస్టమ్స్. ఒక్క బండికి ఏడాదికి రెండుసార్లు వాడే పనిముట్టుకు అది ఎక్కువే. ఎస్‌యూ బండ్లున్న ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి తెప్పించుకుంటే బాగుంటుంది. విదేశంలో ఉన్న బంధువులు వస్తున్నప్పుడు తెప్పించుకునేవాళ్ళు 14 మి.మీ. కిట్ అని స్పష్టంగా చెప్పాలి, మిగతా కొలతలకు అడాప్టర్లు వేరు. 1930ల నాటి బండ్లలో 18 మి.మీ. ప్లగ్గులు మామూలే, వాటికి అడాప్టర్ లేకుండా ఇది పనికిరాదు.

వాడినది కొంటుంటే గాజును వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి. మసి ఫర్వాలేదు, తుడిస్తే పోతుంది. వెంట్రుక వాసి చీలిక ఉన్నా, గాజు చుట్టూ లోహం అతుకు దగ్గర నల్లటి గీత పాకి ఉన్నా వద్దు. ఆ గీతంటే అక్కడినుంచి కంప్రెషన్ బయటికి వస్తోందని అర్థం, అలాంటి ప్లగ్గులో మంట ఎప్పుడూ లేతగానే కనిపించి, బాగున్న కార్బురేటర్‌ను కూడా రిచ్ చేయిస్తుంది.